హుక్ తగలని బెల్టు: ఎత్తు పనుల హార్నెస్ కిట్లపై సమీక్ష, పడితే బాధ్యత ఎవరిదన్న లెక్క

సైట్‌లో సేఫ్టీ బెల్టు మూడు చోట్ల కనిపిస్తుంది. స్టోర్‌రూమ్‌లో మేకుకు వేలాడుతూ ఒకటి. మనిషి ఒంటి మీదే ఉండి, హుక్ మాత్రం తొడ పక్కన ఊగుతూ ఇంకొకటి. ఒంటి మీద ఉండి, హుక్ సరైన చోట పడి, పనిలో ఉన్నది మూడోది. మనిషి జారితే ఆపేది ఆ మూడోదొక్కటే. మొదటి రెండూ బిల్లు చూపించడానికీ ఫొటో దిగడానికీ పనికొస్తాయి.

హార్నెస్‌ల (భుజాలకు, తొడలకు కూడా పట్టీలుండే బెల్టుల) మీద వచ్చే సమీక్షలు ఎన్ని కిలోలు మోస్తుంది, బకిల్ ఇనుమా అల్యూమినియమా అన్న దగ్గరే తిరుగుతుంటాయి. భారత ప్రమాణం ఐఎస్ 3521 ప్రకారం తయారై, ఐఎస్‌ఐ గుర్తు నిజంగా ఉన్న పట్టీ మనిషి బరువుకు తెగిపోవడం అరుదు. కాబట్టి ఇక్కడ మార్కులు వేసింది వేరే దానికి: ఈ కిట్ ఇస్తే సెంట్రింగ్ మేస్త్రీ, రాడ్ బెండింగ్ కుర్రాడు రోజంతా హుక్ తగిలించే పనిచేస్తారా, విసుగొచ్చి వదిలేస్తారా? ప్రమాదం తర్వాత కార్మిక పరిహార కమిషనర్ ముందుకో కోర్టుకో వెళ్లినప్పుడు నలిగే ప్రశ్న కూడా చివరికి ఇదే.

నడుం బెల్టుతో మొదలుపెట్టి త్వరగా ముగిద్దాం. నడుముకు మాత్రమే కట్టే బెల్టు పడిపోయేవాణ్ని ఆపడానికి కాదు. అంచు దాకా పోకుండా వెనక్కి పట్టి ఉంచడానికి, స్తంభం మీద ఆనుకుని నిలబడడానికి మాత్రమే. దానితో పడితే దెబ్బంతా పొట్ట మీద, వెన్ను మీద పడుతుంది, తలకిందులై జారిపోయే ప్రమాదమూ ఉంది. పడే అవకాశం ఉన్న చోట దీన్ని ఇచ్చి ‘బెల్టు ఇచ్చాం’ అనేవాళ్లు ఏమీ ఇవ్వనట్టే. సున్నా మార్కులు.

ఒకే తాడు, చిన్న హుక్ కిట్

సైట్లలో ఎక్కువగా కొనేది ఇదే, ఎందుకంటే చవక. భుజాలకు, తొడలకు పట్టీలు, వీపున ఒక డీ-రింగ్ (డీ ఆకారపు ఇనుప రింగు), దానికి మామూలు నైలాన్ తాడు, తాడు కొసన చిన్న స్నాప్ హుక్. పట్టీల మీద పెద్దగా ఫిర్యాదు లేదు. గొడవంతా ఆ హుక్ దగ్గరే.

చిన్న స్నాప్ హుక్ నోరు రెండు సెంటీమీటర్లకు అటూ ఇటూ తెరుచుకుంటుంది. పరంజా పైపు బయటి కొలత 48.3 మిల్లీమీటర్లు. అంటే సైట్‌లో ఎక్కడ చూసినా కనబడే ఆ పైపుకు ఈ హుక్ పట్టదు. అప్పుడు మనిషి ఏం చేస్తాడు? తాడును పైపు చుట్టూ తిప్పి, హుక్‌ను మళ్లీ అదే తాడుకు తగిలిస్తాడు. ఇది చూడ్డానికి బిగుతుగా ఉంటుంది కానీ తాడు తన మీద తానే గట్టిగా మడత పడి బలం కోల్పోతుంది, లాగుడు హుక్ గేటు మీద పక్కనుంచి పడుతుంది. ఒకే కదలికతో తెరుచుకునే హుక్ అయితే గేటు తెరుచుకుని ఊడిపోనూ వచ్చు. అలా చుట్టి వాడొచ్చని తయారీదారు రాసి ఇచ్చిన తాళ్లు వేరే ఉంటాయి, ఇవి అవి కావు. ఆ చుట్టే పనికి రెండు చేతులూ కావాలి. పొద్దున పదిసార్లు చుట్టినవాడు పదకొండోసారి చుట్టడు. లేదా చేతికి దొరికిన దానికి తగిలిస్తాడు: వంచిన రాడ్ ముక్క, బైండింగ్ వైర్ ఉంగరం, కేబుల్ ట్రే, నీళ్ల పైపు. వీటిలో ఏ ఒక్కటీ పడే మనిషిని ఆపదు.

రెండో లోపం అబ్జార్బర్, అంటే కుట్లు చిరుగుతూ దెబ్బను తగ్గించే ముక్క, లేకపోవడం. 1.8 మీటర్ల తాడును కాళ్ల మట్టంలో తగిలించి నిలబడ్డ మనిషిని తీసుకోండి. వీపున డీ-రింగ్ పాదాల నుంచి సుమారు 1.5 మీటర్ల ఎత్తులో ఉంటుంది. తాడు బిగిసే లోపు అతను 1.5, 1.8 కలిపి 3.3 మీటర్లు ఊరికే పడతాడు. ఆ క్షణాన వేగం గంటకు 29 కిలోమీటర్లు. 80 కిలోల మనిషిని మామూలు తాడు 20 సెంటీమీటర్లలో ఆపిందనుకుంటే సగటు లాగుడే 13 కిలోన్యూటన్లు దాటుతుంది, అంటే దగ్గర దగ్గర 1,400 కిలోల బరువు ఒక్కసారిగా వేలాడదీసినట్టు. తాడు తెగకపోవచ్చు, లోపలి మనిషి చితికిపోతాడు. యూరప్ ప్రమాణం ఈఎన్ 355 అబ్జార్బర్ ఉన్న తాడుకు పెట్టిన హద్దు 6 కిలోన్యూటన్లు. ఆ హద్దులో ఆపాలంటే ఇదే మనిషికి అర మీటరు దూరం కావాలి, ఆ అర మీటరును అబ్జార్బర్ కుట్లు ఒక్కొక్కటే చిరుగుతూ ఇస్తాయి.

అయిదుకు ఒకటిన్నర. ఆ ఒకటిన్నర పట్టీలకు.

రెండు తాళ్లు, అబ్జార్బర్, పెద్ద హుక్‌లు

వీపు డీ-రింగ్ నుంచి ఒకే అబ్జార్బర్, దాని నుంచి రెండు తాళ్లు, రెండిటి కొసనా పరంజా హుక్‌లు. ఆ హుక్‌ల నోరు 50 మిల్లీమీటర్లు దాటి తెరుచుకుంటుంది, పైపు మీద ఒక చేత్తోనే టక్కున కూర్చుంటుంది. రెండు కదలికలు చేస్తే కానీ తెరుచుకోని గేటు కాబట్టి దేనికైనా తగిలి తనంతట ఊడదు. పైపు దాటి ముందుకు వెళ్లాలంటే రెండో హుక్ ముందు వేసి, తర్వాత మొదటిది తీస్తారు. ఏ క్షణంలోనూ మనిషి ఖాళీగా ఉండడు. పరంజా మీద కదిలేవాళ్లకు, స్టీల్ ఎరెక్షన్ వాళ్లకు ఇదే సరైనది. ఇది ఇచ్చిన చోట హుక్ తగిలించే అలవాటు వారంలో వస్తుంది, ఎందుకంటే తగిలించడం కన్నా తగిలించకపోవడమే ఇబ్బందిగా ఉంటుంది: రెండు పెద్ద హుక్‌లు మోకాళ్లకు కొట్టుకుంటూ ఉంటాయి కదా.

అక్కడే ఒక తప్పు కూడా పుడుతుంది. ఖాళీగా ఉన్న రెండో హుక్‌ను మోకాలికి తగలకుండా నడుం పక్క ఇనుప రింగుకు తగిలించుకుంటారు. అప్పుడు పడితే లాగుడు అబ్జార్బర్ గుండా కాకుండా రెండో తాడు మీదుగా నేరుగా ఒంటికి వస్తుంది. అబ్జార్బర్ తెరుచుకోదు, అంత డబ్బు పెట్టి కొన్న కిట్ మామూలు తాడైపోతుంది. మంచి హార్నెస్‌లకు ఛాతీ పట్టీ మీద పార్కింగ్ లూప్ అని చిన్న ప్లాస్టిక్ లేదా గుడ్డ ఉచ్చు ఉంటుంది, అది గట్టిగా లాగితే ఊడిపోయేలా కావాలనే చేసింది. కొనేముందు అది ఉందో లేదో చూడండి. ఒక్కో అబ్జార్బర్‌తో రెండు వేర్వేరు తాళ్లు వేసుకున్నా మంచిది కాదు: రెండూ ఒకేసారి తగిలి ఉంటే ఆపే బలం రెట్టింపవుతుంది.

నేల దూరం లెక్క ఈ కిట్‌కు బలహీనత. తాడు 1.8 మీటర్లు, అబ్జార్బర్ పూర్తిగా తెరుచుకుంటే ఈఎన్ 355 అనుమతించే 1.75 మీటర్లు, డీ-రింగ్ నుంచి పాదాల దాకా 1.5 మీటర్లు, కాళ్ల కింద మిగలాల్సింది ఇంకో మీటరు. కలిపితే హుక్ తగిలించిన చోటు నుంచి కిందికి ఆరు మీటర్ల పైమాటే. ఒక అంతస్తు సెంట్రింగ్ మీద, అంటే మూడు మీటర్ల ఎత్తులో, కాళ్ల మట్టంలో హుక్ వేసుకున్నవాడు తాడు పని మొదలుపెట్టకముందే నేలకు తగులుతాడు. ‘ఇంత ఎత్తుకు బెల్టు దేనికి సార్’ అని మేస్త్రీ అంటే సగం నిజమే చెబుతున్నాడు. ఆ ఎత్తులో కావాల్సింది రెయిలింగ్, నిండుగా పరిచిన పలకల ప్లాట్‌ఫాం, లేదా తలపైన తగిలించే ఏర్పాటు. పాదాలకు రెండు మీటర్ల పైన తగిలిస్తే ఊరికే పడేది 1.3 మీటర్లే, అబ్జార్బర్ పూర్తిగా తెరుచుకోకుండానే ఆపితే పాదాల కింద కావాల్సింది మూడు మీటర్ల దగ్గరికి దిగుతుంది. అదీ అంచున పడ్డ లెక్కే.

అయిదుకు నాలుగు. పైన తగిలించే చోటు ఉన్న సైట్‌కు మాత్రమే.

రిట్రాక్టబుల్ బ్లాక్

తీగను తనలోకి చుట్టుకుని ఉంచే ఈ పెట్టె కారు సీటు బెల్టులాగే పనిచేస్తుంది: మెల్లగా లాగితే వస్తుంది, ఒక్కసారి జర్క్ పడితే పట్టేస్తుంది. తాడు ఎప్పుడూ వదులుగా ఉండదు కాబట్టి ఊరికే పడే దూరం చాలా తక్కువ. ఈఎన్ 360 ప్రకారం రెండు మీటర్ల లోపు ఆపాలి. తక్కువ ఎత్తు పనులకు, ఒకే చోట నిలువుగా ఎక్కిదిగే పనులకు దీనికి సాటి లేదు. మనిషికి అది ఉన్నట్టే తెలియదు, అందుకే తీసేయడు.

లోపాలు రెండు. సరిగ్గా తలపైన ఉండాలి. పక్కకు నాలుగైదు మీటర్లు జరిగితే పడినప్పుడు లోలకంలా ఊగి గోడనో స్తంభాన్నో గుద్దుకుంటాడు. స్లాబ్ మీద పెట్టి అంచు మీదుగా తీగను కిందికి వేయడం రెండో తప్పు: కాంక్రీటు అంచు మీద పరీక్షించి, అలా వాడొచ్చని రాసిన మోడల్ కాకపోతే తీగ అక్కడే తెగొచ్చు. ఎత్తులో స్థిరమైన చోటు ఉన్నవాళ్లకు నాలుగున్నర.

చోటు లేకుండా హుక్ ఎక్కడ

ఏ కిట్‌తోనూ పెట్టెలో రానిది ఇదే. తగిలించే చోటు అంటే యాంకర్. ఈఎన్ 795 ప్రకారం ఇనుప యాంకర్‌ను 12 కిలోన్యూటన్ల లాగుడుతో పరీక్షిస్తారు. కిటికీ ఫ్రేము, రెయిలింగ్ పైపు, కాండ్యూట్ ఏవీ దాని దగ్గరికి రావు. పరంజా పైపు కూడా గోడకు కట్టి ఉండి, ఇంజినీరు ఈ జాయింటు దగ్గర తగిలించమని చెప్పిన చోటే పనికొస్తుంది.

హుక్‌లు తగిలించుకోవడానికి అడ్డంగా కట్టే లైఫ్‌లైన్ తీగ విషయంలో చాలామంది మేస్త్రీలు తలకిందుల లెక్క వేస్తారు. తీగ వీణ తీగలా బిగుతుగా ఉంటేనే బలం అనుకుని చైన్ పుల్లీతో లాగుతారు. మధ్యలో మనిషి పడి తీగ రెండు వైపులా 5 డిగ్రీలే కిందికి వంగిందనుకోండి, అతని 6 కిలోన్యూటన్ల లాగుడు తీగ కొసల దగ్గర 34 కిలోన్యూటన్లవుతుంది. కొసను పట్టుకున్న స్తంభం బోల్టు ఊడేది అప్పుడే. ఎంత వేలాడాలో, ఎంతమంది తగిలించవచ్చో లెక్క కట్టి డిజైన్ చేసిన లైన్ మాత్రమే వాడాలి. కొసన క్లాంపులు వేసేటప్పుడు యూ-బోల్టు వైపు తెగిన కొస మీద, సాడిల్ (యూ-బోల్టు బిగిసే దిమ్మ) వైపు బరువు మోసే తీగ మీద ఉండాలి, కనీసం మూడు. తిరగేస్తే యూ-బోల్టు మోసే తీగనే నలిపేస్తుంది.

వాడకపోతే తప్పెవరిది

ప్రమాదం జరిగాక సైట్ ఆఫీసులో మొదట వినిపించే మాట: ‘మేం బెల్టు ఇచ్చాం, వాడే వేసుకోలేదు.’ దీనికి చట్టంలో బరువు ఎంత?

1923 నాటి ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ చట్టం సెక్షన్ 3(1) మినహాయింపు (బి) దీనికోసమే ఉండేది. రక్షణ కోసం ఏర్పాటు చేసిన గార్డును, పరికరాన్ని కార్మికుడు కావాలని తీసేసినా, కావాలని పట్టించుకోకపోయినా, దాని వల్లే నేరుగా ప్రమాదం జరిగితే యజమాని పరిహారం కట్టక్కర్లేదు. 2025 నవంబర్ 21 నుంచి దాని స్థానంలో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్, 2020లోనూ ఇదే మినహాయింపు కొనసాగింది. ఇంతవరకే చదివి ఊపిరి పీల్చుకునే కాంట్రాక్టర్లు ఆ వాక్యం మొదటి సగం వదిలేస్తున్నారు. ఈ మినహాయింపు చావు వల్లో, శాశ్వత పూర్తి వైకల్యం వల్లో వచ్చే క్లెయిముకు వర్తించదు. మనిషి పోతే, లేదా నడుం విరిగి పూర్తిగా మంచాన పడితే, అతను బెల్టును కావాలనే విప్పి పక్కన పెట్టాడని రుజువైనా పరిహారం కట్టాల్సిందే.

అంకెల్లో చూస్తే, 1923 చట్టం లెక్కలో నెల వేతనం గరిష్ఠంగా 15,000 రూపాయలు తీసుకునేవారు. వయసును బట్టి చట్టంలో ఇచ్చిన గుణకం 30 ఏళ్లవాడికి 207.98. చనిపోతే వేతనంలో సగాన్ని గుణిస్తే 15,59,850 రూపాయలు. శాశ్వత పూర్తి వైకల్యానికి 60 శాతం చొప్పున 18,71,820. ఈ రెండిట్లో బెల్టు వాదన చెల్లదు. కాలు విరిగి సంపాదన శక్తి 30 శాతం తగ్గిందని డాక్టర్ రాస్తే వచ్చేది 5,61,546. బెల్టు వాదన బతికేది ఈ మూడో రకంలోనే. గడువు తేదీ నుంచి నెలలోపు కట్టకపోతే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకపోతే 50 శాతం దాకా జరిమానా కూడా పడొచ్చు.

ఆ మూడో రకంలోనూ యజమాని నాలుగు ముక్కలు నిలబెట్టాలి. పరికరం నిజంగా ఏర్పాటు చేశాడు. అది రక్షణ కోసం పెట్టిందని కార్మికుడికి తెలుసు. కావాలనే వదిలేశాడు. దాని వల్లే నేరుగా దెబ్బ తగిలింది. అజాగ్రత్త వేరు, కావాలని చేయడం వేరు: పని తొందరలో మరిచిపోయిన హుక్‌ను ‘కావాలని’ అనిపించడం తేలిక కాదు. ఇప్పుడు పై కిట్లను ఈ నాలుగు ముక్కలతో కలిపి చూడండి. పైపుకు పట్టని హుక్ ఇచ్చి ‘ఏర్పాటు చేశాం’ అనగలరా? తగిలించే చోటే లేని స్లాబ్ అంచున ‘కావాలని పట్టించుకోలేదు’ అనగలరా? మూడు మీటర్ల ఎత్తులో, కాళ్ల దగ్గర హుక్ వేసినా నేలకు తగిలేవాడే అయితే ‘వాడనందువల్లే దెబ్బ’ ఎలా అవుతుంది? ఎదుటి వకీలు చేతిలో టేపు ఒకటి ఉంటే చాలు. చవక కిట్ కొన్నప్పుడు మిగిలిన డబ్బు అక్కడ పోతుంది.

బ్రిటన్ కేసుల్లో దీనికి అద్దం పట్టేది ఒకటుంది, కానీ దాన్ని మన దగ్గర అతిగా వాడుకోకూడదు. 1962లో అప్పటి అక్కడి అత్యున్నత న్యాయస్థానం హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చిన మెక్‌విలియమ్స్ కేసులో ఒక స్టీల్ ఎరెక్టర్ 70 అడుగుల ఎత్తు నుంచి పడి చనిపోయాడు. బెల్టులను రెండు మూడు రోజుల ముందే ఇంకో సైట్‌కు తీసుకెళ్లారు. అంటే యజమాని వైపు లోపం ఉంది. అయినా అతను అంతకుముందు బెల్టు ఉన్నప్పుడు కూడా వేసుకునేవాడు కాదన్న సాక్ష్యంతో, ఇచ్చినా వాడేవాడు కాదు కాబట్టి లోపానికీ చావుకీ లంకె లేదని క్లెయిము కొట్టేశారు. అది నిర్లక్ష్యం రుజువు చేయాల్సిన దావా. మన కాంపెన్సేషన్ చట్టంలో యజమాని తప్పు రుజువు చేయక్కర్లేదు, పనిలో ఉండగా పని వల్ల ప్రమాదం జరిగితే చాలు. కాబట్టి ఆ వాదన ఇక్కడ పరిహారం ఆపలేదు. సివిల్ కోర్టులో నష్టపరిహారం దావా వేస్తే మాత్రం బాధితుడి వంతు నిర్లక్ష్యాన్ని లెక్కగట్టి శాతం తగ్గించే పద్ధతి ఉంది. సీటు బెల్టు పెట్టుకోని కారు ప్రయాణికుడి కేసులో 1975లో ఇంగ్లండ్ అప్పీల్ కోర్టు వేసిన కొలబద్ద తెలిసిందే: బెల్టు పెట్టుకుంటే దెబ్బే తగిలేది కాదంటే 25 శాతం కోత, కొంత తగ్గేదంటే 15 శాతం, తేడా ఏమీ ఉండేది కాదంటే కోత లేదు.

ఈఎస్‌ఐ కింద ఉన్నవాళ్లకు దారి వేరు. సామాజిక భద్రత కోడ్‌కు ముందున్న ఈఎస్‌ఐ చట్టం సెక్షన్ 51బి ప్రకారం కార్మికుడు నియమం దాటి ప్రవర్తించినా, చేస్తున్నది యజమాని పని కోసమే అయితే అది ఉద్యోగ ప్రమాదంగానే లెక్క. హుక్ వేయలేదని ఈఎస్‌ఐ ప్రయోజనం ఆగదు. ఈఎస్‌ఐ వర్తించేవాళ్లు అదే దెబ్బకు కాంపెన్సేషన్ క్లెయిము విడిగా వేయలేరు.

ఇంకో కాగితం గురించి చెప్పాలి. కొన్ని సైట్లలో చేరే రోజునే ‘బెల్టు పెట్టుకోకపోతే జరిగేదానికి నాదే బాధ్యత, పరిహారం అడగను’ అని రాయించి వేలిముద్ర తీసుకుంటారు. పరిహారం హక్కు వదులుకునే, తగ్గించుకునే ఒప్పందం చెల్లదనే 1923 చట్టం సెక్షన్ 17 చెప్పింది. ఆ కాగితం కమిషనర్ దగ్గర పెడితే ఉపకారం కన్నా అపకారమే ఎక్కువ: ప్రమాదం ముందే ఊహించి, ఆపే పని మాని సంతకాలు తీసుకున్నారని అదే చెబుతుంది. సబ్ కాంట్రాక్టర్ మనుషులని తప్పుకోవడమూ కుదరదు. తన వ్యాపారపు పనిని కాంట్రాక్టుకు ఇచ్చిన ప్రిన్సిపల్ (అసలు యజమాని) మీద నేరుగా క్లెయిము వేయొచ్చని అదే చట్టం సెక్షన్ 12 చెప్పింది. కట్టినదాన్ని తర్వాత కాంట్రాక్టర్ దగ్గర రాబట్టుకోవడం వాళ్లిద్దరి గొడవ.

మనిషి పోతే క్రిమినల్ కేసు వేరే నడుస్తుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106(1) కింద నిర్లక్ష్యం వల్ల మరణానికి అయిదేళ్ల దాకా శిక్ష. పాత ఐపీసీ సెక్షన్ 304ఎలో అది రెండేళ్లే. ఇందులో పేరెక్కేది తరచు ఆ రోజు సైట్‌లో ఉన్న ఇంజినీరు, సూపర్‌వైజర్. కింద నిలబడి, హుక్ లేకుండా పైన పనిచేస్తున్నవాణ్ని చూసి ఊరుకున్నవాడికి ‘నేను చెప్పాను, వినలేదు’ అన్న మాట ఒక్కటే సరిపోదు. వినకపోతే కిందికి దించాడా అన్నది తర్వాతి ప్రశ్న.

కార్మికుడికి బాధ్యతే లేదా అంటే ఉంది. 2025 నవంబర్ దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం సెక్షన్ 111 రక్షణ పరికరాన్ని కావాలని పాడుచేయకూడదని, కావాలని వాడకుండా ఉండకూడదని చెప్పి మూడు నెలల జైలు లేదా వంద రూపాయల జరిమానా, లేదా రెండూ పెట్టింది. ఆ వంద రూపాయలు ఎవరినీ భయపెట్టలేదు. అతను నిజంగా పోగొట్టుకునేది పైన చెప్పిన మూడో రకం పరిహారం, కాలు.

కొనేటప్పుడు, ఇచ్చేటప్పుడు

లేబుల్ లేని హార్నెస్ ముట్టుకోవద్దు. తయారీదారు పేరు, ప్రమాణం అంకె, తయారైన నెల–ఏడాది, సీరియల్ నంబరు ఉండాలి. ఐఎస్‌ఐ గుర్తు కింద ఉండే సీఎం/ఎల్ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్తే లైసెన్సు నిజమో కాదో తేలుతుంది. పట్టీ రంగుకు తేడాగా ఉండే దారంతో కుట్లు ఉన్నది కొనండి, ఒక్క కుట్టు తెగినా దూరం నుంచి కనబడుతుంది.

తొడిగే పద్ధతి రెండు నిమిషాల పనే. వీపు డీ-రింగ్ పట్టుకుని ఎత్తి విదిలిస్తే మెలికలు పోతాయి. చొక్కా తొడుక్కున్నట్టు భుజాలకు వేసుకుని, తొడ పట్టీలు పెట్టి, ఆఖరున ఛాతీ పట్టీ. డీ-రింగ్ రెండు రెక్కల ఎముకల మధ్య ఉండాలి. తొడ పట్టీలో చాపిన అరచెయ్యి దూరాలి, పిడికిలి దూరకూడదు. ఛాతీ పట్టీ గొంతుకు దగ్గరగా పైకి జరిగితే పడినప్పుడు అదే ఉరి. ఎండలో తొడ పట్టీలు ఒరుస్తాయని వాటిని విప్పి భుజాలవి మాత్రమే ఉంచుకునేవాళ్లు ఉంటారు: పడితే హార్నెస్ పైకి, మనిషి కిందికి. తొడల దగ్గర మెత్త ఉన్న మోడల్ కొనడం ఆడంబరం కాదు.

సిమెంట్ పాలు పట్టీలకు శత్రువు. తడి సిమెంటు గట్టి క్షారం, పాలిస్టర్‌ను మెల్లగా తింటుంది. నైలాన్‌ను ఆమ్లాలు తింటాయి, బ్యాటరీల దగ్గర పనిచేసేవాళ్లు గమనించాలి. చల్లటి నీళ్లు, మామూలు సబ్బుతో కడిగి నీడలో ఆరబెట్టాలి. వెల్డింగ్ రవ్వలు పడి గట్టిపడిన మచ్చ, రంగు వెలిసి పొడిపొడిగా అయిన అంచు, వంగిన డీ-రింగ్, పగిలిన అబ్జార్బర్ కవరు, వీటిలో ఏది కనబడినా ఆ ముక్క పక్కన పెట్టాలి. ఒకసారి మనిషిని ఆపిన హార్నెస్, తాడు చూడ్డానికి కొత్తవాటిలా ఉన్నా కోసి పారేయాలి. కోయకుండా మూల పడేస్తే ఎవరో ఒకరు మళ్లీ తొడుక్కుంటారు.

రిజిస్టర్‌లో ‘బెల్టులు 40 ఇచ్చాం’ అని రాయడం దండగ. ఏ సీరియల్ నంబరు ఎవరికి, ఏ తేదీన, తొడగడం నేర్పింది ఎవరు, ఆ రోజు పర్మిట్‌లో హుక్ ఎక్కడ తగిలించమని రాశారు, ఆఖరి తనిఖీ ఎప్పుడు, హుక్ లేకుండా కనబడినందుకు ఎవరిని ఏ రోజు కిందికి దించారు, ఇవి ఉంటే పై నాలుగు ముక్కలకు జవాబు ఉంటుంది. బెల్టు ఖరీదు కూలీలో కోసుకోవడం మాత్రం వద్దు, రక్షణ ఏర్పాట్ల ఖర్చు కార్మికుడి మీద వేయకూడదని 2020 వృత్తి భద్రత కోడ్ అంటోంది.

ఆఖరుగా, ఏ కిట్ అట్టపెట్టె మీదా పెద్ద అక్షరాల్లో రాయని సంగతి. పట్టీ మనిషిని ఆపాక అతను గాల్లో నిలువుగా వేలాడుతుంటాడు. కదలకుండా అలా వేలాడితే రక్తం కాళ్లలో పేరుకుని నిమిషాల్లో స్పృహ తప్పొచ్చు, ప్రాణమూ పోవచ్చు. ఫైర్ ఇంజిన్ వచ్చేదాకా ఆగే వ్యవధి ఉండదు. నిచ్చెనతోనో, బాస్కెట్‌తోనో, తాడు కప్పీతోనో అతన్ని దించేది ఎవరో పని మొదలయ్యే ముందే తెలిసి ఉండాలి, ఒకసారి చేసి చూసి ఉండాలి. హార్నెస్ నడుం దగ్గర చిన్న సంచీలో మడిచి ఉండే పాదం పట్టీలు దీనికే: లాగి ఉచ్చులో కాలు పెట్టి నిలబడితే తొడల మీద ఒత్తిడి తగ్గి రక్తం తిరుగుతుంది. రెండు తాళ్ల కిట్‌కు అయిదుకు నాలుగే ఎందుకంటే ఆ సంచీ చాలా మోడళ్లలో విడిగా కొనుక్కోవాలి, కొనేవాళ్లు తక్కువ.